ముక్కు పిన్నీ, ‘సాయంత్రం’ సెంటూ

ఆ సెంటు కార్ఖానాలో అందరూ ఆవిడని ముక్కు పిన్ని అంటారు. వయసులో ఆవిడకన్నా పెద్దవాడైన యజమాని కూడా పిన్నీ అనే పిలుస్తాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఆ ముక్కు ఎలా ఉంటుందో చూద్దామని ఏదో ఒక వంక పెట్టుకుని ఆవిడ గదిలోకి వచ్చి, నిరాశపడి వెళ్తుంటారు. అది చాలా మామూలు ముక్కు. కాస్త చప్పిడి కూడా.

పెళ్ళయిన కొత్తలో సీసాలకి లేబుళ్ళు అంటించే పనికి చేరిందావిడ. ఒకరోజు యజమాని బల్లల మధ్య నుంచి నడిచి వెళ్తుంటే, పక్కనున్నామెతో “సార్ సబ్బు మార్చారు” అంది. గుసగుసగానే అన్నాననుకుంది గానీ, అది గదంతా వినిపించింది. యజమాని ఆగి వెనక్కి తిరిగాడు.

“ఎప్పుడు మార్చానో కూడా చెప్తావా?”

“నిన్ననే కదండీ” అనేసి నాలుక కరుచుకుంది పిన్ని.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు ఆవిడ బల్లమీద లేబుళ్ళ బదులు వాసన చూసే కాగితపు పట్టీలు పెట్టించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆవిడ బతుకంతా ఆ పట్టీల చుట్టూనే తిరిగింది.

కార్ఖానాలో చాలా రకాలు తయారవుతాయి. కానీ దాన్ని నిలబెట్టింది ఒక్కటే. దాని పేరు ‘సాయంత్రం’. ముందు నారింజ తొక్క వాసన, దాని వెనక తెల్లపూలు, అన్నీ తగ్గాక అడుగున ఎండిన చెక్క. తల్లులు వాడారు, ఇప్పుడు వాళ్ళ కూతుళ్ళు వాడుతున్నారు. ఏది ఎంత కలపాలన్న లెక్క ఎప్పుడూ మారలేదు. అయితే నారింజ నూనె ఒక ఏడు ఘాటుగా వస్తుంది, ఒక ఏడు పేలవంగా వస్తుంది. పూలూ అంతే. అందుకని లెక్క ప్రకారం అంతా కలిపేశాక, సెంట్లు కలిపే మాస్టారు డ్రాపరు పట్టుకుని పెద్ద పాత్ర పక్కన నిలబడతాడు. పిన్ని ఒక పట్టీని ఆ పాత్రలో ముంచుతుంది, ఇంకో పట్టీని ‘అమ్మమ్మ’లో ముంచుతుంది.

అమ్మమ్మ అంటే మనిషి కాదు. మొట్టమొదట సాయంత్రం కలిపిన రోజున తీసి పక్కన పెట్టిన పొడుగాటి గాజు సీసా. ఎన్నేళ్ళు గడిచినా, కొత్తగా కలిపిందల్లా అమ్మమ్మ పోలికతోనే రావాలి. “నారింజ ఇంకొంచెం మాస్టారూ... చాలు చాలు, ఆపండి... చెక్క ముందుకొచ్చేస్తోంది, కాస్త వెనక్కి నెట్టాలి” అంటూ ఉంటుంది పిన్ని. కళ్ళు మూసుకుంటే ఏ పట్టీ ఏదో తనకే తెలియనప్పుడు “అమ్మమ్మ ఒప్పుకుంది” అంటుంది. అప్పుడు సీసాల్లో నింపుతారు.

ఇదివరకు అమ్మమ్మ నేలమాళిగలో చెక్క అలమరలో ఉండేది. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగడం కష్టమయ్యాక, పిన్ని దాన్ని పైకి తెప్పించుకుని తన బల్ల పక్కన కిటికీ గూట్లో పెట్టుకుంది. పొద్దున్న వెలుగు పడితే ఆ సీసా తేనెలా మెరిసేది. పనిలోకి రాగానే మూత తుడిచి, “ఏం అమ్మమ్మా, బాగా నిద్రపట్టిందా?” అని పలకరించేది కూడా.

ఇంట్లోనూ ఆ ముక్కుదే పెత్తనం. వాసన చూసే రోజుల్లో ఉల్లిపాయ తరగకూడదు, కాఫీ కాచకూడదు, కొత్త సబ్బు విప్పకూడదు. ఆవిడ భర్తకి వీధి మలుపులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టుంది. “ఆ ముక్కు పనిచేయడానికి నా నోరు కట్టేశారు” అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. చెప్పుకుంటూనే ఆ రోజుల్లో రొట్టే, ఉడికించిన బంగాళదుంపా తిని, తృప్తిగా తేన్చి పడుకుంటాడు.

ఇలా వెళ్ళిపోతున్న రోజుల్లో మొదటి ఫోను వచ్చింది.

“ఏంటండీ, సాయంత్రం మార్చేశారా?”

లేదని చెప్పి పెట్టేశారు. తర్వాత ఇంకొకటి. ఆపైన రోజూ. మార్చలేదంటే నమ్మేవాళ్ళు లేరు. నీళ్ళు కలుపుతున్నారని ఒకరు, చవక నూనెలు వాడుతున్నారని ఒకరు. పాత బీరువా తలుపు తీసినట్టుందని ఆన్‌లైన్‌లో ఎవరో రాస్తే, దాని కింద బోలెడుమంది అవునంటే అవునన్నారు. ఒకావిడ కార్ఖానా దుకాణానికే వచ్చి, సీసా కౌంటరు మీద ఠక్కున పెట్టి, “ఇది రాసుకుని మా ఆయన పక్కన కూర్చుంటే, ముక్కూ మొహం తెలియనిదాన్ని చూసినట్టు చూశాడు. ఆయన్నేమీ అనలేను. నాక్కూడా అలాగే ఉంది” అని నిలదీసింది.

యజమాని అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. “మా ముక్కు పిన్ని చూసి ఒప్పుకున్నాకే సీసా బయటికెళ్తుంది. ఆవిడ మారలేదందంటే మారలేదు.”

ఆ మాట విన్నప్పుడల్లా పిన్ని మళ్ళీ పట్టీలు తీసేది. కొత్తదాన్నీ, అమ్మమ్మనీ పదేపదే చూసింది. తేడా లేదు. ఇంతమందికి తెలుస్తున్న తేడా తనకొక్కదానికే తెలియడం లేదంటే ఏమిటర్థం?

యజమాని కూతురు రసాయన శాస్త్రం చదువుకుని ఈ మధ్యే తండ్రి పనిలో చేరింది. ఆ అమ్మాయి ఒకరోజు తండ్రితో నెమ్మదిగా అంటున్న మాట పిన్ని చెవిన పడింది.

“నాన్నా, పిన్నిని తప్పుపట్టడం లేదు. వయసుతో కళ్ళు తగ్గినట్టే ముక్కూ తగ్గుతుంది. ఒకసారి డాక్టరుకి చూపిస్తే మంచిది కదా?”

ఆయన ఏమన్నాడో పిన్ని వినలేదు. పట్టీలు సర్దుకుని ఇంటికి వచ్చేసింది.

భర్త కొట్టు కట్టేసి వచ్చేసరికి కళ్ళకి తువ్వాలు కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

“ఇదేం ఆటే?”

“ఆటా లేదు, పాటా లేదు. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టండి. ఏంటో మాత్రం చెప్పకండి.”

సంగతేమిటో ఆయనకి అర్థమయింది. ఇంకేమీ అడక్కుండా ఒకటొకటే తెచ్చాడు. బూటు పాలిష్. గొడుగు. బట్టల సబ్బు. నిఘంటువు. అన్నీ చెప్పింది. చివరికి గ్లాసులో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

“నీళ్ళు. కానీ కుళాయివి కాదు. పూలకుండీ కింద పళ్ళెంలోవి. ఛీ, తీసేయండి.”

“అదీ చెప్పేశావు. ఇంకేం కావాలే నీకు?”

పిన్ని తువ్వాలు విప్పలేదు. “అన్నీ తెలిసి అదొక్కటే తెలియకుండా పోతుందేమోనండీ. రోజూ చూసే వాసన కదా, ముందు అదే పోతుందేమో. మీ కళ్ళు మసకబారితే అద్దాలు పెట్టుకుని గడియారాలు బాగుచేస్తున్నారు. ముక్కుకి అద్దాలు ఎవరమ్ముతారు?”

ఆయన తువ్వాలు ముడి తనే విప్పి, “అమ్మితే ముందు నేనే కొనిస్తాలే” అన్నాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

గొడవ సద్దుమణగకపోయేసరికి యజమానికి ఒక ఆలోచన వచ్చింది. మారిందనేవాళ్ళందరినీ తమ దగ్గరున్న పాత సీసాలు పట్టుకుని ఫలానా ఆదివారం పొద్దున కార్ఖానాకి రమ్మని కబురు పెట్టాడు. నలుగురైనా వస్తారో రారో అనుకున్నారు. తీరా చూస్తే లేబుళ్ళ గది నిండిపోయింది. ఒక్కొక్కరి చేతిలో అడుగున కొంచెం మిగిలిన సీసా. కొందరు రుమాలులో చుట్టి తెచ్చారు. అందరికన్నా పెద్ద గొంతు ఒక బస్సు కండక్టరమ్మది. సెలవు రోజైనా యూనిఫాంలోనే వచ్చినట్టుంది ఆవిడ వరస.

“లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి! వెనక చాలామంది ఉన్నారు. అక్కా, మీ చేతిసంచీ కాస్త ఒళ్ళో పెట్టుకోండి.” అందరినీ సర్దేశాక యజమాని వైపు తిరిగింది. “సార్, రోజంతా చెమట వాసన మధ్య నిలబడేదాన్ని. నాకు ఇది సోకు కాదు, గాలి. నా గాలి నాకిచ్చేయండి.”

అయితే పాత సీసాలు ఒకరివి ఒకరు వాసన చూసుకునేసరికి అసలు తమాషా మొదలయింది. ఏ రెండూ ఒకలా లేవు!

“ఇదేంటి, మీదే పాడయింది.”

“నాదెందుకు పాడవుతుందండీ? మీదే ఏదో నకిలీ కొన్నట్టున్నారు.”

“నకిలీ మాటంటే మర్యాదగా ఉండదు!”

అసలైన సాయంత్రం తమ చేతిలో ఉన్నదేనని అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. యజమాని కూతురు బల్ల మీద తట్టి, గొడవ ఆపించింది. ప్రతి సీసాలోంచీ ఒక పట్టీ ముంచి, “పిన్నీ, ఏది ఎవరిదో నువ్వు చూడొద్దు. అటు తిరిగి కూర్చో” అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. పిన్ని ఏం భయపడుతోందో ఆ అమ్మాయికీ తెలుసు.

పిన్ని గోడవైపు తిరిగి కూర్చుంది.  ఆ అమ్మాయి ఒక్కో పట్టీనీ భుజం మీదుగా అందించింది.

మొదటి పట్టీ. “పలచబడింది. మూత సరిగ్గా పెట్టలేదు.” రెండోది. “ఇదీ అలసిపోయింది. వేడి తగిలినట్టుంది.” “అవునండీ, కారులోనే పడేసి ఉంచాను” అని ఎవరో ఒప్పుకున్నారు. మూడోది. “ఇది... ఇది మా అమ్మమ్మే. ఇప్పుడు చేస్తున్నదీ ఇలాగే ఉంది.” “అది నా డ్రెస్సింగ్ టేబుల్ మీదిది, పాతదే” అంది ఒకావిడ. “ఈ మధ్య నాకూ నచ్చడం లేదు.”

తర్వాత ఇంకో పట్టీ చేతికొచ్చింది.

పిన్ని వాసన చూసింది. మళ్ళీ చూసింది. నారింజ. తొక్క గిల్లితే కంట్లోకి చివ్వున చిమ్ముతుందే, ఆ నారింజ. దాని వెనక తెల్లపూలు, సిగ్గుపడుతున్నట్టు. చెక్క ఎక్కడో దూరంగా, తలుపు అవతల. లేబుళ్ళ చేత్తో మొదటిసారి పట్టీ పట్టుకున్న రోజు, కడుపులో ఉన్న పిల్ల తన్నిన రోజు, ఈ గదికి ఇంకా సున్నం కూడా వేయని రోజు, అన్నీ ఒక్కసారి లేచి వచ్చాయి.

“ఇది ఎవరిది?” అంది వెనక్కి తిరిగి.

“నాదే” అంది కండక్టరమ్మ. “అప్పట్లో రెండు కొనుక్కున్నా. రెండోది చలికోటులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టి మర్చిపోయా. మొన్న మీ కబురు వచ్చాక వెతికి తీశా.”

“అమ్మాయ్, నా గది కిటికీలోంచి అమ్మమ్మని ఇలా తే.”

అమ్మమ్మని చూసింది. కండక్టరమ్మ పట్టీని చూసింది. మళ్ళీ అమ్మమ్మని. ఇప్పుడు తేడా పగలులా కనబడుతోంది. నారింజ ఎప్పుడో వెళ్ళిపోయింది. చెక్క ముందుకొచ్చి కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. పాత బీరువా అని జనం అన్నది దీన్నే. ఏడాదికి ఇంత చొప్పున అమ్మమ్మ ముసలిదవుతుంటే, కొత్తదాన్ని కూడా దాని పక్కన నిలబెట్టి, నారింజ చాలు, చెక్క ఇంకొంచెం అని మాస్టారు చేత తనే పోయిస్తూ వచ్చింది. ముక్కు ఏమాత్రం తప్పు చేయలేదు. మరీ నిజాయితీగా పనిచేసింది. దేనికి సరిపోల్చాలో అదే మారిపోయింది. దాన్ని చీకటి అలమరలోంచి తెచ్చి ఎండలో కూర్చోబెట్టి రోజూ ముద్దుచేసింది తనే.

పిన్ని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. యజమాని కంగారుపడ్డాడు. “పిన్నీ, ఏమైంది? మంచినీళ్ళు తాగుతావా?”

“నా ముక్కు బాగానే ఉంది సార్!” అంది కళ్ళు తుడుచుకుంటూ. “శుభ్రంగా ఉంది. వీళ్ళందరూ చెప్పిందీ నిజమే. సాయంత్రం మారిపోయింది. మార్చింది నేనే.”

జరిగింది అందరికీ చెప్పింది. దాచుకోవాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ముక్కు పోలేదన్న సంతోషంలో తప్పు చేశానన్న సిగ్గుకి చోటు దొరకలేదు. నారింజ నూనెకి వెలుగు పడదనీ, గాజులోంచి ఎండ తగిలితే అదే ముందు చచ్చిపోతుందనీ యజమాని కూతురు వివరించింది. “కార్ఖానాలో చేరాక ఆ గూటిని రోజూ చూస్తూనే ఉన్నాను. నాకూ తట్టలేదు” అంది తల గోక్కుంటూ.

“ఇంతకీ మీ అమ్మమ్మకి వడదెబ్బ తగిలిందన్నమాట” అని కండక్టరమ్మ తేల్చేసింది. గది గదంతా గొల్లుమంది.

ఆ సీసా కార్ఖానాకి ఇవ్వమని యజమాని బతిమాలాడు. కండక్టరమ్మ దాన్ని గుండెకి హత్తుకుని ససేమిరా అంది. చివరికి ఒక షరతు మీద మెత్తబడింది. సీసా నేలమాళిగలో, చీకట్లో ఉంటుంది. కానీ సాయంత్రం కలిపిన ప్రతిసారీ, సీసాల్లో నింపేముందు, తను కూడా వచ్చి వాసన చూస్తుంది. “నా సామాను మీ ఇంట్లో పెడుతున్నా కదా, అప్పుడప్పుడూ వచ్చి చూసుకోవద్దా?” అంది.

మళ్ళీ పాత పద్ధతిలో కలిపిన సాయంత్రం బయటికి వచ్చింది. చాలామంది ఫోన్లు చేసి సంతోషపడ్డారు. ఈ రెండుమూడేళ్ళలో వాడడం మొదలుపెట్టిన కొందరు ఆడపిల్లలు మాత్రం, మా సాయంత్రాన్ని పాడుచేశారని తిట్టారు. ఆ ఫోన్లు పిన్నే తీసుకుంటుంది. వాళ్ళ తిట్లన్నీ ఓపిగ్గా విని, మీ ముక్కు మంచిదమ్మా, పోగొట్టుకోకు అని చెప్తుంది. అవతలివాళ్ళకి ఏమనాలో తోచక ఫోన్ పెట్టేస్తారు.

కలిపే రోజుల్లో కండక్టరమ్మ డ్యూటీ మార్పించుకుని వస్తుంది. యజమాని కూతురు నేలమాళిగలోంచి సీసా తెస్తుంది. పెద్ద పాత్రకి ఇటు పిన్ని, అటు కండక్టరమ్మ, మధ్యలో డ్రాపరు పట్టుకుని మాస్టారు.

“చాలు” అంటుంది పిన్ని.

“ఏం చాలు అక్కా? ఇంకో చుక్క పడాలి. నా బస్సులో దీని వాసన మొదటి సీటు కూడా దాటదు.”

“నీ బస్సు కోసం కాదు కదమ్మా చేసేది.”

“మరెవరి కోసం?”

మాస్టారు చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళూ చాలన్నా, వద్దన్నా పిన్నిదే ఆఖరిమాట. ఆ మాట కాదనేవాళ్ళు లేక, ఒప్పో తప్పో ఆవిడే మోసింది. ఇప్పుడొకతె ఎదురుగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని కాదంటోంది. పిన్నికి ఒళ్ళు మండుతుంది. కొంచెం హాయిగానూ ఉంటుంది. ఇంకో రెండు పట్టీలు తీసి, ఒకటి కండక్టరమ్మకిచ్చి, ఒకటి తను ముంచుకుంటుంది.

“సరే, మళ్ళీ చూద్దాం పట్టు.”