మావయ్య తిరిగిచ్చేసిన రెండు గోల్స్

నా చిన్నప్పుడు మా ఇంట్లో మావయ్య మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఆయన మా అమ్మ తమ్ముడు. శ్రీలంక వెళ్ళిన మన సైన్యంతో పాటు తిరిగొచ్చాడు, కుడికాలు ఈడ్చుకుంటూ. ఆయన మంచినీళ్ళకి లేవబోతే ఇంట్లో ఉన్న ముగ్గురం పరిగెత్తేవాళ్ళం. అది చూసినకొద్దీ ఆయన ముఖం మాడిపోయేది. ఇంత మర్యాద చేస్తుంటే ఈయనకింకా ఏం కావాలని నాకూ విసుగ్గానే ఉండేది.

ఆ వేసవిలో మా నర్సీపట్నం చర్చి వాళ్ళు జవాన్ల కోసం కృతజ్ఞతా కూడిక పెట్టారు. కూడిక అయ్యాక ఫుట్‌బాల్ ఆడడం మా దగ్గర ఆనవాయితీ. మావయ్యా, మాకవరపాలెం, నక్కపల్లి వైపు నుంచి సెలవు మీద వచ్చిన జవాన్లూ ఒక జట్టు, సండే స్కూల్ పెద్దపిల్లలం ఒక జట్టు. నేను గోల్‌కీపర్ని. బంతి ఆపడం నాకు నేర్పింది మావయ్యే, సైన్యంలో చేరకముందు. ఆయన కొట్టిన బంతి ఒక్కటైనా పట్టి చూపించాలని నెల రోజులుగా మోచేతులు చెక్కుకుపోయేలా దూకుతున్నాను.

తీరా ఆటకు ముందు సంఘ పెద్ద ఒకాయన మమ్మల్ని పక్కకి పిలిచారు. "దేశం కోసం దెబ్బలు తిన్నోళ్ళురా. ఆళ్ళని ఓడించేస్తే ఊరు ఏటనుకుంటాది? గోల్స్ ఒగ్గీయండి, ఆపకండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ పెద్దల మాటాయె.

మావయ్య కొట్టిన మొదటి బంతి దొర్లుకుంటూ వచ్చింది. నేను రెండో పక్కకి దూకాను. జనం ఒకటే చప్పట్లు. ఆట మళ్ళీ మొదలవగానే మావయ్య మా వాళ్ళ దగ్గర బంతి లాక్కుని, వెనక్కి తిరిగి, కుంటుకుంటూ పోయి తన గోల్లోనే కొట్టేశాడు. పాపం, పొరపాటు పడ్డాడనుకున్నాం. ఇంకో గోల్ ఇచ్చాం. అదీ అలాగే తిరిగిచ్చేశాడు. రిఫరీగా ఉన్న మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని నిలబడిపోయారు.

మావయ్య తిన్నగా నా దగ్గరికొచ్చాడు. "ఏటిరా, నాను సచ్చిపోనాననుకున్నారా? ఇంటికాడ మీ అమ్మ సేసే మర్యాదలు సాలవా? ఆడితే సరిగ్గా ఆడు, లేపోతే బేగి ఇంటికి పో."

తర్వాత ఎడమకాలితో, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. దూకాను. అరచేతులు భగ్గుమన్నాయి గానీ బంతి గీత మీదే ఆగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పైగా మా వాళ్ళు ఇంకో గోల్ కొట్టి గెలిచేశారు. సంఘ పెద్ద నావైపు కొరకొర చూశారు.

ఆ సాయంత్రం అన్నం ముందు మావయ్య ఒకటే సణుగుడు. "అది గోలేరా! బంతి గీత దాటీసింది. ఆ మాస్టారికి కళ్ళు కనపడవు. వచ్చే ఆదివారం సెప్తాను నీ పని." మా అమ్మకు ఓపిక చచ్చింది. "ముందు తినెహె, సల్లారిపోతంది!" అని కసిరింది. ఆయన వచ్చిన నాటి నుంచి ఆమె కసరడం అదే మొదలు. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు.

నాకిప్పుడు యాభై దగ్గరపడుతోంది. తెలిసినవాళ్ళెవరైనా మంచం పట్టి లేస్తే అందరూ పళ్ళు పట్టుకెళ్తారు, నేను క్యారమ్స్ బోర్డు పట్టుకెళ్తాను. మా ఆవిడ కళ్ళురుముతున్నా ఒక్క కాయిన్ ఊరికే వదలను. ఓడిపోయి నన్ను నాలుగు తిట్టాడంటే, ఇక మనిషి కోలుకున్నట్టేనని నాకు ధైర్యం.