రంగం కూలీ

మా నాన్నగారి పేరున ఊరి మొగలో బస్సు షెల్టరు కట్టించాలని 2006 వేసవిలో మా తమ్ముడు అనుకున్నాడు. కట్టుబడి వాడు చూసుకున్నాడు. గోడకు బిగించే పలక మీద ఏం చెక్కాలో రాసిచ్చే పని నాకు అప్పగించాడు. మా ఇంట్లో ఎవరు ఏ రోజు పుట్టారో, ఏ చేను ఏ ఏడు కొన్నామో కావాలంటే అందరూ నా దగ్గరకే వస్తారు. ముహూర్తం తేదీలో తప్పు పడిందని శుభలేఖలన్నీ మళ్లీ అచ్చు వేయించిన మనిషిని నేను.

నాన్నగారు 1915లో పుట్టారు, 1984లో పోయారు. 1943లో పటాలంలో చేరి 1946లో తిరిగొచ్చారు. కమాండో దళంలో పనిచేశారనీ, బర్మాలో జపాను సేనలున్న చోట్లకు చొరబడి వచ్చేవారనీ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అంతకు మించి ఆయన చెప్పేవారు కాదు. పద్దెనిమిదో ఏట ఇల్లు విడిచిన మనిషి పటాలంలో చేరేదాకా ఏం చేశారని ఎవరైనా అడిగితే, వ్యాపారం మీద బయట ఉన్నారనేది అమ్మ. ఇంకొకరి విషయమైతే ఏ ఊళ్లో, ఏం వ్యాపారమో ఆరా తీసేదాన్ని. ఆ ఏళ్ల సంగతి మాత్రం నేను ఎన్నడూ అడగలేదు.

పలక మీద వివరాలు సరిగ్గా ఉండాలని వెతకడం మొదలుపెట్టాను. ఆఫీసుల్లో ఏమీ దొరకలేదు. చుట్టుపక్కల మాజీ సైనికులను అడగ్గా అడగ్గా, నాన్నగారితో పాటు అదే దళంలో ఉన్న పెద్దాయన ఒకరు రావులపాలెం అవతల ఇంకా ఉన్నారని తెలిసింది. వెళ్లాను.

ఎనభై దాటిన మనిషి. పెరట్లో అరటి గెలలకు ఎండుటాకు చుడుతున్నారు. నేనెవరి కూతురినో చెప్పేసరికి పని ఆపి, "చెప్పక్కర్లేదమ్మా, నడకలోనే తెలిసింది," అన్నారు. కుర్చీ తెప్పించారు. నాన్నగారు ఏ తుపాకీ వాడేవారని అడిగితే నవ్వారు.

"తుపాకీలు పేల్చడానికి మేమున్నాం కదమ్మా. మీ నాన్న పని వేరు. రంగంలో బస్తాలు మోసిన మనిషి. బర్మా భాష వాళ్లలాగే మాట్లాడేవాడు."

రంగూన్‌ను మా వైపు పాతవాళ్లు రంగం అంటారు. నాన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్లి, అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసి బతికారట. యుద్ధం రాగానే అందరితో పాటు నడిచి ఇండియా చేరారట. దళానికి మనుషులను ఎంచే రోజున బర్మా భాష ఎవరికి వచ్చని దొర అడిగితే చెయ్యెత్తారట. అప్పటి నుంచి ఆయన పని ఒకటే. లుంగీ కట్టి, భుజాన బస్తా పెట్టుకుని శత్రువులున్న ఊళ్లోకి ఒక్కరే నడిచి వెళ్లడం, ఎంతమంది ఉన్నారో చూసి రావడం. ఆయన తెచ్చిన కబురు మీదే మిగతావాళ్లు కదిలేవారట.

భయం వేసేది కాదా అని అడిగాను.

"కూలివాడి మొహం ఎవడు చూస్తాడు, బస్తాను చూస్తాడు అనేవాడమ్మా. దొరికితే మాత్రం ప్రాణం తీసేసేవారు."

నాన్నగారి ఎడమ భుజం మీద కాయ కాసి ఉండేది. తుపాకీ మోసిన గుర్తని బడిలోనూ ఇంట్లోనూ మేము గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆయన వింటూ ఊరుకునేవారు.

తిరుగు బస్సులో నాకు కలగాల్సింది గర్వం. కలగలేదు. మా చేలో పనిచేసే కూలీలకు మా ఇంట్లో అప్పటికీ వసారా మెట్టు మీదే టీ ఇచ్చేవాళ్లం. వాళ్ల గ్లాసులు విడిగా ఉండేవి. నాన్నగారు కూలీ అన్న మాట పలక మీదికి ఎక్కితే, ఆ మెట్టు మీద కూర్చునేవాళ్లు చదువుతారు. నా ఆలోచన అంతవరకే వెళ్లింది. 'బర్మా యుద్ధంలో కమాండోగా పోరాడిన వీరుడు' అని రాసిచ్చాను. తమ్ముడికి కూడా మిగతాది చెప్పలేదు.

నేను కలిసి వచ్చానని విని, వాడు ఆ పెద్దాయనను ప్రారంభానికి పిలిచాడు. ఇస్త్రీ చొక్కాకు పతకాలు పెట్టుకుని ఆయన వచ్చారు. మా బంధువులు, వియ్యాలవారు ముందు కుర్చీల్లో ఉన్నారు. సర్పంచి మైకు ఇవ్వగానే, నాకు చెప్పినదంతా ఆయన అంతే సంతోషంగా అందరికీ చెప్పారు. రంగం, రేవు, బస్తాలు, ఏదీ వదల్లేదు. వెనక నిలబడ్డ కూలీల్లోంచి ఒకడు, "అయితే పెద్దయ్యగారు మావోడేనన్నమాట," అన్నాడు. నవ్వులు వినిపించాయి. ఎగతాళి నవ్వులు కావు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

నేను లేచి మైకు అందుకున్నాను. "పెద్దవారు కదండీ, మా నాన్నగారిని ఇంకెవరితోనో పొరబడ్డారు. మా వాళ్లెవరూ రంగం వెళ్లలేదు," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. పెరట్లో కూర్చోబెట్టి ఇదంతా మీకే చెప్పాను కదమ్మా అని ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు.

"అయ్యుంటుందండి. వయసు మీద పడింది," అని కూర్చున్నారు.

భోజనాల దగ్గర మా వియ్యపురాలు, పాపం పెద్దాయనకు మతి సరిగ్గా లేదంది. ఆయన రెండు వరుసల అవతలే తింటున్నారు. నేను అవునన్నట్టు తలూపాను.

ఆ తలూపడమే నన్ను తినేసింది. తమ్ముడికి చెప్పడానికి దసరా దాకా పట్టింది. "నాన్న సంగతి సరే అక్కా. ఆ పెద్దాయన్ని మతి చెడినవాణ్ణి చేశావు," అన్నాడు వాడు. ఆ నెలలోనే రంగం మాట, రేవు మాట చేర్చి పలక మార్పించాడు. వియ్యాలవారికి నేనే ఫోన్ చేసి నిజం చెప్పాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు పలక చదువుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను దేనికి భయపడ్డానో అదేమీ జరగలేదు.

అప్పుడు మళ్లీ ఆయన దగ్గరకు వెళ్లాను. ఆ రోజు తెలిసే అబద్ధం చెప్పాననీ, మా ఊరివాళ్లను పోగుచేసి ఆయన ఎదుటే ఆ మాట ఒప్పుకుంటాననీ అన్నాను.

"అందరూ ఎప్పుడో బస్సెక్కి పోయారు కదమ్మా, ఇప్పుడెవరికి చెప్తారు," అన్నారు. మళ్లీ ఆయనే, "తప్పు నాది కూడా ఉందమ్మా. తర్వాత ఓసారి కలిసినప్పుడు, ఇంట్లో చెప్పొద్దురా, పిల్లలు సిగ్గుపడతారు అని మీ నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. మిమ్మల్ని చూసిన సంతోషంలో మర్చిపోయాను," అన్నారు.

"మీరేమన్నారండీ ఆయనతో?"

"నీ పిల్లలు అలాంటివాళ్లు కారులేరా అన్నాను."

లోపల్నించి ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తల దించుకుని తాగి, వచ్చేశాను.