బోణీలో లేని గొంతు

మా చెల్లెలు హరిచందన చేసిన పాడ్‌కాస్ట్ పేరు ‘బోణీ’. గోదావరి జిల్లాల్లోనే ఉంటూ వెబ్‌సైట్లు పెట్టి చిన్న చిన్న కంపెనీలు మొదలుపెట్టిన వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించేది. ఇప్పటికీ ఫోన్‌లో ఆ పేరు కొడితే ఎపిసోడ్లన్నీ వస్తాయి. నరసాపురం లేసు అల్లికలను ఆన్‌లైన్‌లో అమ్మే సాల్మన్ నవ్వు వినపడుతుంది. పిఠాపురం వచ్చే యాత్రికులకు గదులు కుదిర్చే సైటు పెట్టిన పావని మాట మాటకీ దగ్గడం వినపడుతుంది. చందన మాత్రం ఎక్కడా వినపడదు.

అది ఆమె పని పద్ధతి. గంటసేపు తనే అడుగుతుంది, తర్వాత తను అడిగినదంతా తీసేస్తుంది. ఒకసారి నేనడిగాను.

“అదేంటే, అంత కష్టపడి నీ గొంతు నువ్వే కోసేసుకుంటావేంటి?”

“నేను మధ్యలో ఎందుకక్కా? వాళ్ళ కథ వాళ్ళే చెప్పుకుంటున్నట్టు ఉండాలి. నేనుంటే పక్కింటి పిన్ని కబుర్లలా ఉంటుంది.”

“పిన్ని కబుర్లే బాగుంటాయి.”

“అయితే పిన్ని దగ్గరకే వెళ్ళు.”

ఇప్పుడు ఆ ఎపిసోడ్లు వింటుంటే మనుషులంతా ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నట్టుంటుంది. సాల్మన్ వాళ్ళమ్మ అల్లిన మొదటి లేసు గుడ్డ గురించి చెబుతూ చెబుతూ ఒక్కసారి పగలబడి నవ్వుతాడు. “అబ్బా, అదేం ప్రశ్నండీ బాబూ!” అంటాడు. ఆ నవ్వుకు ముందు చిన్న ఖాళీ ఉంది. ఊపిరి పీల్చినంత ఖాళీ. అక్కడ చందన ఉంది. ఏమడిగిందో ఊహిస్తూ ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చివరికి సాల్మన్‌నే అడిగాను. “ఏదో పెళ్ళి గురించి ఆటపట్టించారండి. మాట గుర్తులేదు గానీ నవ్వొచ్చింది మాత్రం గుర్తుంది” అన్నాడు.

చందనకు ఈ అడిగే అలవాటు పాలకొల్లులో ఉన్నప్పుడే వచ్చింది. నాన్న అక్కడ బ్యాంకులో పనిచేసేవారు. ఆదివారాలు మా ఇద్దరినీ బజారుకు తీసుకెళ్ళేవారు. ఆకుకూరలమ్మే పాపాయమ్మ మొదటి బేరం డబ్బులు కళ్ళకద్దుకుని తట్టకు తాకించి బొడ్లో దోపుకునేది. చందన అప్పటికి ఒకటో తరగతో రెండో తరగతో. తట్ట ముందు చతికిలబడి అడిగింది.

“రోజూ బోణీ చేస్తారు కదా, అసలు నీ మొట్టమొదటి బోణీ ఎవరు చేశారు?”

“చూశారా భాస్కరం గారూ, ఎలా ఆరిందాలా అడుగుతుందో!” అని పాపాయమ్మ నాన్నతో అంటూనే చేతిలో గోంగూర కట్ట కింద పెట్టేసింది. తర్వాత చాలాసేపు చెప్పింది. తొలిరోజు తట్ట నెత్తిన పెట్టుకుని అరవడానికి సిగ్గేసి వీధులన్నీ నోరు మెదపకుండా తిరిగిందట. ఒక ముసలావిడ అరుగు మీద నుంచి పిలిచి, “అరవకపోతే నీ తట్టలో ఏముందో నాకు కలొస్తుందా?” అని తిట్టి, రెండు కట్టలు కొందట. ఆ ముసలావిడ పోయి చాలా ఏళ్ళయిందట. “ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు తల్లీ” అంది పాపాయమ్మ. వెనక నలుగురు గోంగూర కోసం నిలబడి విసుక్కుంటున్నారు.

పెద్దయ్యాక చందన ఒక హైదరాబాద్ కంపెనీకి భీమవరం ఇంట్లో నుంచే పనిచేసేది. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మా తనూ ఉండేవారు. నేను పెళ్ళయి తిరిగి పాలకొల్లు చేరాను. శని, ఆదివారాలు చందనకు పాడ్‌కాస్ట్ పని. మేడ మీద గది గోడలకు అమ్మ కుట్టిన బొంతలన్నీ మేకులు కొట్టి వేలాడదీసింది. ఐసు లారీల మోత, కాలేజీ కుర్రాళ్ళ బైకులు లోపలికి రాకూడదని, లోపలి మాట గోడకు తగిలి తిరిగి రాకూడదని. “బొంతలు గొంతుని మింగేస్తాయక్కా” అనేది. అమ్మ వరహాలక్ష్మి చలికాలంలో ఒక బొంత ఇమ్మని బతిమాలినా ఇచ్చేది కాదు.

వచ్చిన వాళ్ళందరినీ ఒకటే అడిగేది: మీ మొదటి కస్టమర్ ఎవరు? పెట్టుబడులూ పెద్ద మాటలూ తర్వాత. ఆ మొదటి మనిషి మీ సైటులోకి వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు, అన్నం తింటున్నారా, ఎవరికి చెప్పారు? పావనికి మొదటి బుకింగ్ వచ్చినప్పుడు సైటు పాడైందనుకుని కంప్యూటర్ ఆపేసిందట. అది ‘బోణీ’లో అందరూ ఎక్కువగా విన్న ఎపిసోడ్.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎడిట్ చేసింది వచ్చినవాళ్ళకు వినిపించి, వాళ్ళు సరేనన్నాక అసలు రికార్డింగ్ వాళ్ళ ముందే చెరిపేసేది. మా వైపు ప్రతివాళ్ళకూ ప్రతివాళ్ళతో ఏదో ఒక వరస ఉంటుంది. నోరు జారిన మాట సాయంత్రానికి అత్తారింటికి చేరుతుంది. చెరిపేస్తుందన్న ధైర్యంతోనే చందన దగ్గర అందరూ నోరు విప్పేవారు.

పోయిన శ్రావణంలో డెంగీ జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. తిరిగి తీసుకురాలేదు.

కర్మకాండలన్నీ అయిపోయాక ఆమె గొంతు కోసం వెతకడం మొదలుపెట్టాను. ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపడం ఆమెకు చిరాకు, అన్నీ టైపు చేసేది. పెళ్ళి వీడియోల్లో మేళం తప్ప మనుషుల గొంతులు ఉండవు. ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేసిన ఎపిసోడ్లే ఉన్నాయి. అమ్మ ఒకరోజు మామూలుగా అన్నట్టు అంది, “దాని గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానే. రాత్రి గుర్తు తెచ్చుకుంటే నీ గొంతు వస్తోంది.”

‘బోణీ’లో మాట్లాడిన వాళ్ళకు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేశాను. అందరిదీ ఒకటే జవాబు, మా ముందే తీసేశారండి అని. సాల్మన్ మాత్రం ఇంకో మాట అన్నాడు.

“తాతాజీ గారిని అడిగారా? ఆయన ఎపిసోడ్ రాలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా రికార్డింగంతా పాడుచేశాడని చందన గారు ఒకటే చిరాకు పడ్డారండి.”

తాతాజీది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువుల వాళ్ళు. ఇంజినీరింగ్ చదివి ‘చెరువుగట్టు’ అని ఒక సైటు పెట్టాడు. చెరువులో చిన్న పరికరం ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగుతుంది. కొన్నాళ్ళు బాగా నడిచి మూతపడింది. నేను వెళ్ళేసరికి వాళ్ళ చెరువు గట్టు మీద పాకలో ఉన్నాడు. నీళ్ళను చిలుకుతూ ఏరేటర్లు తిరుగుతున్నాయి. నన్ను మంచం మీద కూర్చోమని తను నిలబడ్డాడు.

“మీది ఫోటోలో చందన గారి పోలికేనండి.”

“రికార్డింగ్ మీ దగ్గరేమైనా ఉందా తాతాజీ గారూ?”

అతను చెరువు వైపు చూశాడు. “ఆయ్, ఉందండి” అన్నాడు.

మిగతావాళ్ళంతా మా మేడ గదికి వచ్చి మాట్లాడారు. ఇతను చెరువు వదిలి రానన్నాడు. అందుకని ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఎవరి గొంతు వాళ్ళు తమ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకున్నారు. తర్వాత రెండూ కలపాలి. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒకరి గొంతు మరొకరి మైకులో పడదు. తాతాజీ పెట్టుకోలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచం మీద పడేశాడు.

“గట్టు మీద చెవులు మూసుకోకూడదండి” అన్నాడు. “ఏరేటర్ చప్పుడు కాస్త తేడా వస్తే పరిగెత్తాలి. మాకు నిద్రలో కూడా ఒక చెవి ఇక్కడే ఉంటుంది. ఆవిడకది అర్థం కాలేదు. తిట్టారండి.”

ల్యాప్‌టాప్ తెచ్చి తెరిచాడు. మొదట ఏరేటర్ల హోరు. తర్వాత ఎక్కడో గచ్చు కింద నుంచి వచ్చినట్టు, లీలగా:

“హలో తాతాజీ గారూ, వినపడుతున్నానా?”

అతను ఆపేశాడు.

నేను మంచం పట్టె పట్టుకున్నాను. గొంతు నేననుకున్నంత సన్నం కాదు. ఇన్ని నెలలుగా ఖాళీల్లో నేను నింపుకున్న గొంతు వేరు, ఇది వేరు. అమ్మకే కాదు, నాకూ మర్చిపోవడం మొదలైంది.

“ఆపారేంటండి?”

“తర్వాతంతా నా మాటలున్నాయండి” అన్నాడు. నా మొహం చూసి, “కావాలంటే ఈ ముక్క వరకూ కోసి ఇస్తాను” అన్నాడు.

“వద్దండి. కోసినవి చాలా విన్నాను. మొత్తం ఉంటే ఇవ్వండి.”

ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత చెప్పాడు. అతని మొదటి కస్టమర్ వాళ్ళ బాబాయి లోకనాథ్. అన్నకొడుకు సైటుకు ఆయనే బోణీ చేశాడు. మొదట్లో ఫోన్ ఊరికే మోగేది. అర్ధరాత్రి పరిగెత్తి చూస్తే నీళ్ళు బాగానే ఉండేవి. పిన్ని తిట్టింది, “ఒరేయ్, మీ బాబాయిని నీ యాపే చంపేటట్టుందిరా” అని. సరిచేసేదాకా బాబాయి చెరువుకు అలారం ఆపేసి ఉంచాడు తాతాజీ. సరిచేశాడు. తిరిగి పెట్టడం మర్చిపోయాడు. ఒక తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి.

“సిగ్నల్ అందలేదని చెప్పానండి అందరికీ. బాబాయి నన్నే ఓదార్చాడు. నీ తప్పేముందిరా, టవర్ వాడి తప్పు అని. నిజం చందన గారికి ఒక్కరికే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు. మొదటి కస్టమర్ ఎవరు అనడిగారు, అంతే, వచ్చేసింది.”

“ఏమంది?”

“బాబాయిగారికి చెప్పారా అన్నారు. లేదన్నాను. అయితే ఇది ఇప్పుడు వెయ్యను, ముందు ఆయన మీ నోటితో వినాలి, ఊళ్ళోవాళ్ళ ఫోన్‌లో వినకూడదు అన్నారు. మీ గొంతు మీ దగ్గరే ఉంచుకోండి, చెప్పాక పంపండి, నా దగ్గరున్నవి ఉత్త ప్రశ్నలేగా, తీసేస్తున్నా అన్నారు. ఆవిడ పోయారని తెలిసినప్పుడు మొదట ఏమనిపించిందో తెలుసా అండి? ఇక చెప్పక్కర్లేదని.” అతను తల దించుకున్నాడు. “తర్వాత నుంచి ఏరేటర్ల మోతలో రోజూ వినపడుతోందండి, చెప్పారా, చెప్పారా అని.”

నేను ఎవరికీ వినిపించనని, నాకు కావలసింది మా చెల్లెలి గొంతేనని చెప్పాను. అతను ఒప్పుకోలేదు.

“మీకు నోటితో చెప్పేశాను గానీ, బాబాయి కన్నా ముందు ఆ రికార్డింగ్ నా చెయ్యి దాటకూడదండి. ఆయనకు చెప్పాక తెచ్చిస్తాను. చెప్పలేకపోతే రాను. నన్ను క్షమించండి అక్కగారూ.”

కోపం వచ్చింది. బస్సులో వస్తూ అతన్ని మనసులో చాలా తిట్టాను. కానీ అతను చెప్పింది చందన మాటే. ఆమె ఉండి ఉంటే నాకు ఇవ్వనిచ్చేది కాదు.

కార్తీకం అయిపోయింది. ఫోన్ చెయ్యలేదు అతను. నేనూ చెయ్యలేదు. భీమవరం వెళ్ళినప్పుడల్లా వీధిలో బైకు ఆగితే లేచి చూసేదాన్ని. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. దొరక్కపోతే రెండోసారి పోగొట్టుకున్నట్టవుతుంది.

ఒక ఉదయం అమ్మ దగ్గర ఉండగా తాతాజీ వచ్చాడు. లోపలికి రమ్మంటే ల్యాప్‌టాప్ సంచితో గేటు దగ్గరే నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

“చెప్పానండి.”

ఏమన్నారని నేనడగలేదు. తనే అన్నాడు.

“ఏమీ అనలేదు. అన్నం తింటున్నాడు, తినేసి చెయ్యి కడుక్కుని చెరువు దగ్గరకు వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ మాట్లాడట్లేదండి. నిన్న మా ఏరేటర్ ఒకటి ఆగితే మాత్రం వచ్చి బాగుచేసి వెళ్ళాడు. నా వైపు చూడలేదు.”

రికార్డింగ్ నా ఫోన్‌కు పంపించాడు. తన ల్యాప్‌టాప్‌లోది నా ముందే చెరిపేశాడు. “ఆవిడ పద్ధతి కదండి” అన్నాడు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నేను మేడ ఎక్కాను. గది ఆమె వదిలినట్టే ఉంది. మైకు మీద చేతిరుమాలు కప్పి ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టి, నొక్కబోయి, ఆగాను. గోడల నిండా బొంతలు. ఒక్కొక్కటీ మేకుల నుంచి తీసి కింద పడేశాను. నీలం బొంత వెనక కిటికీ ఉందని నేను మర్చేపోయాను. అదీ తెరిచాను. వీధిలో ఐసు లారీ నీళ్ళు కారుస్తూ పోతోంది. అది వెళ్ళేదాకా ఉండి నొక్కాను.

“హలో తాతాజీ గారూ, వినపడుతున్నానా?”

“ఆయ్ అండి.”

“అయ్యో, నేను మీ మైకులో పడుతున్నానండీ బాబూ. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.”

“పడితే పడనివ్వండమ్మా.”

“పడకూడదండి! తర్వాత నన్ను తియ్యడానికి రాదు.”

ఆమె గొంతు ఖాళీ గోడలకు తగిలి గదంతా తిరిగి మెట్ల మీదుగా కిందకు దిగింది. కింద వంటింట్లో మిక్సీ ఆగింది.