లూడివినా మేడమ్ రాసిన అబద్ధం

మా దీవి బడిలో లూడివినా మేడమ్‌ను మించిన మొండిఘటం లేదు. ఫోన్లో వచ్చే గాలివార్తల్ని ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేర్పుతానని పట్టుబట్టి మరీ ఒక పీరియడ్ తీసుకుంది. "ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్లకెలా తెలుసు?" అని రోజూ వాళ్లచేత అరిపించేది. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నాకు తలనొప్పి వచ్చేది.

తట్టు టీకాల వారం వస్తోందని, నమూనాగా తానే ఒక అబద్ధం అల్లింది. "టీకా వేయించుకున్న పిల్లలు పక్క దీవిలో చచ్చిపోతున్నారు" అని తరగతి గ్రూపులో పెట్టింది. దానికి జతగా ఒక బొమ్మ. బొమ్మ మీద ఎర్రటి అక్షరాలు: "ఇది అబద్ధం. ఎలాగో కనిపెట్టండి."

మా ఊళ్లో డబ్బు పెట్టి డేటా వేయించుకునేదెవరు? అందరిదీ ఉచిత డేటాయే. అందులో రాత కనిపిస్తుంది, బొమ్మ తెరుచుకోదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. బడి వైఫైలో కూర్చుని పంపింది కదా, ఆ నిమిషాన తట్టలేదు.

పిల్లలు ఆమె నేర్పినట్టే మూడు ప్రశ్నలూ వేసుకున్నారు. ఎవరు రాశారు? మేడమ్. ఎప్పుడు? ఇవాళే. ఆమెకెలా తెలుసు? మేడమ్ కదా! ఆదివారం ప్రార్థన ముగిసేసరికి ఆ వార్త ఊరంతా పాకిపోయింది.

టీకాల రోజు నర్సు ఐస్ పెట్టె ముందు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. వచ్చింది నలుగురు పిల్లలు. లూడివినా గడపగడపకూ తిరిగి, "తప్పు నాదే, అది పాఠం కోసం రాశాను" అని మొత్తుకుంది.

"పైవాళ్లు బెదిరించారా మేడమ్? మాకర్థమైందిలెండి" అని కన్నుగీటి, చేతిలో ఎండుచేపలు పెట్టి పంపారు.

సొంత తమ్ముడి భార్య ఆర్లిన్ కూడా అంతే. "ఉద్యోగం కోసం మాట మార్చావు వదినా. నా బిడ్డ దగ్గర మాత్రం నీ మొదటి మాటే నాకు వేదవాక్కు" అంది. లూడివినా ఆమె కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మార్చిలో తట్టు వచ్చింది. ఆర్లిన్ కూతురు జెనికాకు రెండేళ్లు. ఇలోయిలో నగరంలోని ఆస్పత్రికని పడవ ఎక్కించారు గానీ, ఒడ్డు చేరకముందే పోయింది.

శవజాగరణకు నేనూ వెళ్లాను. చిన్న తెల్లపెట్టె పక్కన ఆర్లిన్ తన వదిన చెయ్యి పట్టుకుంది. "నువ్వు ముందే చెప్పావు వదినా. ఆ టీకా వేయించుకున్న నలుగురి నుంచే నా చిట్టితల్లికి అంటుకుంది. నీ మాట ఊరంతా విని ఉంటే బతికేది."

లూడివినా నోరు తెరిచింది. ముప్పై ఏళ్లుగా ఎవరి అబద్ధాన్నీ సరిదిద్దకుండా వదలని మనిషి. ఇప్పుడు సరిదిద్దితే ఆ తల్లికి ఏం మిగులుతుంది?

"అవునమ్మా" అంది.