కబడ్డీ రాజేశం అన్న, ఐస్ హాకీ గోల్ కీపర్

నిన్న డ్యూటీ దిగి ఫోన్ తీస్తే మన వాట్సాప్ గ్రూప్‌లో రాజేశం అన్న ఫొటో.

పుట్టినరోజేమో అనుకున్నాను. నిజంగా.

కింద రాసింది రెండోసారి చదివాక అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. మెట్‌పల్లి దగ్గర వాళ్ల ఊళ్లో, పసుపు చేనుకు నీళ్లు పెట్టి ఇంటికొచ్చి ఛాతీలో నొప్పి అన్నారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

నర్సుగా ఎన్ని మరణాలు చూశానో. ఇది మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడుస్తూనే రాయడం మొదలుపెట్టాను. రెండు లైన్లు రాసేసరికి నవ్వొచ్చింది. ఏం చెయ్యను, మనిషే అలాంటివారు.

మీలో చాలామందికి తెలియదు. మన రాజేశం అన్న దుబాయ్‌లో ఐస్ హాకీ ఆడారు.

అవును, మంచు మీద ఆడే హాకీయే. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ.

2003లో నేనక్కడ ఒక క్లినిక్‌లో నర్సుని. శుక్రవారం మ్యాచ్ ఉంటే ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఇచ్చి నన్ను ఐస్ రింక్‌కి పంపేవారు. రాజోలులో పుట్టిన దాన్ని, అంత చలి ఎప్పుడు చూశాను? రెండు స్వెటర్లు వేసుకుని వణుకుతుంటే, ఐస్‌ని నున్నగా చేసే పెద్ద బండి నడుపుతున్న మనిషి నా చేతిలో తెలుగు పత్రిక చూసి ఆపారు.

"తెలుగోళ్లా సిస్టర్? చాయ్ తాగుతరా?"

అదీ పరిచయం.

ఆయన ఉండేది సోనాపూర్‌లో, కార్మికుల క్యాంపులో. తెల్లారకముందే బస్సెక్కి వచ్చి, రింక్ తెరిచేలోపు ఐస్‌లో పడిన గుంతలు పూడ్చేవారు. ఆ పని కోసమే స్కేట్స్ నేర్చుకున్నారు. ఎన్నిసార్లు పడ్డారో ఆయన నడుముకే తెలియాలి.

ఒక శుక్రవారం, ఆ రింక్‌లో ఆడే మా టీమ్ గోల్ కీపర్ రాలేదు. ఆయన పైలట్, ఫ్లైట్ లేటు. కెప్టెన్, ఫిన్లాండ్ ఇంజనీరు, తల పట్టుకు కూర్చున్నాడు.

మన అన్న బండి దిగి చెయ్యెత్తారు.

రింక్ మేనేజర్‌ని అందరం ముదీర్ అనేవాళ్లం, అరబ్బీలో మేనేజర్ అనే అర్థం. సిరియా ఆయన. ముందు నవ్వాడు, తర్వాత సరేనన్నాడు. ఒక్క మ్యాచే, ఆ తర్వాత ఖలాస్ అన్నాడు.

ఆ మ్యాచ్ ఎలా జరిగిందో చెబితే నమ్మరు.

ఆ ఆటలో బంతి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళ ఎటు నుంచి వచ్చినా అన్న ఆపేస్తున్నారు. అందరం నోళ్లు తెరిచాం. ఊళ్లో ఆయన పేరున్న కబడ్డీ ఆటగాడు. ఎదుటివాడి కాళ్లు చూస్తే చాలు, ఎటు కదులుతాడో తెలిసిపోతుంది.

అక్కడే కొంప మునిగింది. అవతలి టీమ్‌లో పొడుగాటి ఆటగాడొకడు గోల్ వెనక నుంచి చుట్టి వచ్చాడు. అన్న చేతిలో స్టిక్ పారేసి, ముందుకు దూకి, వాడి రెండు చీలమండలూ గట్టిగా పట్టేశారు! వాడు బోర్లా పడ్డాడు. అయినా వదలరే! పాయింట్ ఇమ్మన్నట్టు రిఫరీ వైపు చూస్తున్నారు.

నేను గ్యాలరీలోంచి అరిచాను, "కాలు వదిలెయ్యండన్నా! ఇది కబడ్డీ కాదండీ బాబూ!"

రెండు నిమిషాల పెనాల్టీ. గోల్ కీపర్ తప్పుకి టీమ్‌లో ఇంకొకడు బయట కూర్చోవాలట, అక్కడి రూల్. అన్న మొహం మాడిపోయింది.

"తప్పు నేను జేస్తె ఆయనెందుకు కూసోవాలె సిస్టర్?"

మ్యాచ్ అయ్యాక ఆ కూర్చున్నాయన కోసం తనే చాయ్ పట్టుకెళ్లారు. ఆయన కెనడా బ్యాంకరు. ఎందుకిచ్చారో అర్థం కాకపోయినా తాగాడు.

మరుసటి వారం కెప్టెన్ మళ్లీ ఆయన్నే అడిగాడు. ముదీర్ ఒక్క షరతు పెట్టాడు. ఇంకోసారి ఎవరి కాలైనా పట్టుకుంటే ఇక ఎప్పటికీ గోల్ దగ్గర కనబడకూడదు. ఇంటర్వెల్లో ఐస్ పని మాత్రం ఎప్పటిలాగే ఆయనదే.

అలా నాలుగేళ్లు. టీమంతా ఇంటర్వెల్లో కూర్చుని నీళ్లు తాగుతుంటే, మా గోల్ కీపర్ కాళ్లకి ఆ లావుపాటి ప్యాడ్లతోనే బండెక్కి ఐస్ నున్నగా చేసేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేవాళ్లు.

"మేమంతా సరదాకి ఆడేవాళ్లం. ఐస్ మీద బతికే ప్రొఫెషనల్ ఇతనొక్కడే" అని కెప్టెన్ పరిచయం చేస్తే, అన్న మీసం దువ్వేవారు.

కానీ ఆ షరతు భయం పోలేదు. సాయంత్రాలు క్యాంపులో రూమ్‌మేట్లని పక్కనుంచి పరిగెత్తమని, చేతులు ఆపుకోవడం ప్రాక్టీస్ చేసేవారు. "చెయ్యి నా మాట ఇంటలేదు సిస్టర్, గోల్ కాడ నా జాగ పోతే నా పానం పోయినట్టే" అని బెంగపడేవారు.

2008లో కంపెనీ మనుషుల్ని తగ్గిస్తే ఇంటికి వెళ్లిపోయారు. అంతకుముందు ఏడాది ఫైనల్ గురించి మాత్రం చెప్పి ఆపేస్తాను.

ఆఖరి నిమిషం. ఒక్క గోల్ ఆధిక్యం మాది. మళ్లీ ఆ పొడుగాటివాడే, మళ్లీ గోల్ వెనక నుంచే.

అన్న చెయ్యి వాడి కాలి వైపు వెళ్లింది. నేను కళ్లు మూసుకోబోయాను.

చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత దబ్బున బిళ్ళ మీద పడింది.

గెలిచాం. టీమంతా ఆయన మీద గుట్టగా పడింది. ఎలాగో బయటపడి, కప్పు ఇచ్చేలోపు ఐస్ బాగుచెయ్యాలని అలవాటుగా బండి దగ్గరికి వెళ్లారు.

బండి మీద అప్పటికే ముదీర్ కూర్చుని ఉన్నాడు. కోటు, టైతో.

"రాజేశం, ఉధర్ బైఠో. ఆజ్ తుమ్ ప్లేయర్. యల్లా!" అన్నాడు. అక్కడ కూర్చో, ఈరోజు నువ్వు ఆటగాడివి, పద అని.

మొదటిసారి అన్న వెళ్లి టీమ్ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. ముదీర్ బండి వంకర టింకరగా పోతోంది. అన్న కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, పడీ పడీ నవ్వుతున్నారు.

"చూస్తుండ్రా సిస్టర్, నా ఐసంతా ఖరాబ్ జేస్తుండు!"

అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వెళ్లి రండి అన్నా. దేవుడి దగ్గర మీకు ఏ పనీ చెప్పకూడదని, హాయిగా కూర్చోబెట్టాలని ప్రార్థిస్తున్నాను.