చదవడంలో ఫస్టు ప్రైజు

మా అమ్మాయికి డిస్లెక్సియా ఉందని ఒప్పుకుని సర్టిఫికెట్ ఇవ్వడానికి పెద్దాసుపత్రి వాళ్లు మమ్మల్ని నాలుగుసార్లు విశాఖపట్నం తిప్పారు. ఆ సర్టిఫికెట్ ఉంటే చట్టప్రకారం పదో తరగతి పరీక్షలో తను చెబుతుంటే రాసిపెట్టే మనిషినీ, అదనపు సమయాన్నీ ఇవ్వాలి. చట్టం మహా గొప్పది. మా చోడవరం దాకా రావడానికే దానికి బస్సు దొరికినట్టు లేదు.

దరఖాస్తు మీద హెడ్మాస్టరు గారి సంతకం కావాలి. ఆయన మా చర్చిలో సంఘపెద్ద కూడా. కాగితం చూసి నవ్వారు.

"ఏటమ్మా ఇది? మొన్న క్రిస్మస్‌కి గుంట కీర్తనంతా ఒక్క తప్పు లేకుండా సదివింది. ఫస్టు ప్రైజు నా సేత్తోనే ఇచ్చేను. ఇప్పుడు సదవడం రాదని నేనే సంతకం ఎట్టాలా?"

ఆ ఘనకార్యం నాదే మరి. సంఘంలో అందరి పిల్లలూ బైబిలు వాక్యం చదువుతుంటే నా కూతురు బిక్కమొహం వేస్తే నేను తలెత్తుకునేదెలా? అందుకని నెల రోజులు చదివి వినిపించి కంఠతా పట్టించాను. బైబిలు ఎలా పట్టుకోవాలో, పేజీ ఎక్కడ తిప్పాలో కూడా నేర్పాను. ప్రైజు వచ్చిందని వీధంతా మాడుగుల హల్వా పంచాను.

నిజం చెబితే సంతకం వస్తుంది, పరువు పోతుంది. ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి కన్నతల్లికి చాలాసేపే పట్టింది. ఈలోగా నా పక్కనే ఉన్న మా అమ్మాయే బల్ల మీది న్యూస్‌పేపరు అందుకుంది.

"ఇది సదువుతాను, ఇనండి సార్."

మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వేలు పెట్టి కూడబలుక్కుంది, తప్పు చదివింది, మళ్లీ మొదలుపెట్టింది. కిటికీ దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. అయినా మానలేదు. హెడ్మాస్టరు గారి నవ్వు ఎటో పోయింది.

"సాలమ్మా, సాలు. మరి ఆ కీర్తన?"

"అమ్మ బట్టీ పట్టించింది సార్."

ఆయన నా వైపు చూడకుండా సంతకం పెట్టారు. అంత మర్యాద నాకు ఎక్కువే. సిగ్గుతో చచ్చిపోయాను, అదీ పరువు పోయినందుకు కాదు.

గేటు దాటాక మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆదివారం నన్ను వాక్యం సదవమంటే రాదని సెప్పొచ్చా? నువ్వేటీ అనుకోవు కదా?"