చింతపండుతో తోమిన రూపాయి

మా చిన్నప్పుడు... పురానాపూల్‌లో మా కొట్టంలో రాణి అని ఒకే ఒక్క బర్రె ఉండేది. దూడగా ఉన్నప్పుడు అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చారు. దాని పాలే మాకు జీవనాధారం. ఆ యేడు బాపు జబ్బుపడి అప్పు చేశాడు... బర్రెను అమ్మక తప్పదన్నాడు. అమ్మ అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పుడే పాల డబ్బుల్లో ఒక వింత రూపాయి వచ్చింది. సింహాల బొమ్మ ఒక పక్కకు జరిగి సగమే అచ్చయింది... మిగతా సగం బోడి. బాపు బ్యాంకులో చూపించాడు.

"గిసొంటివి బజార్ల తిరగొద్దు. మాకిచ్చి మంచి బిళ్ల తీస్కపో. గిది కరిగించనీకె పోతది" అన్నాడు కౌంటర్‌లో ఆయన. రూలు అంతేనట.

నయాపూల్ దగ్గర గడియారాలు బాగుచేసే ఖాదర్ భాయ్‌కి పాత నాణేల పిచ్చి. బాపు ఆ బిళ్ల బ్యాంకులో ఇవ్వకుండా పట్టుకొచ్చి ఈ మాట చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"కరిగిస్తరా? అల్లా... గిసొంటిది మల్ల దొర్కదు భాయ్. నాకు తెల్సిన సేట్ కొంటడు, మీ బాకీ తీర్తది. దివాలీ అయినంక నేనే వచ్చి తీస్కపోత."

ఆ సాయంత్రం అమ్మ రాణి మెడ పట్టుకుని ఏడ్చింది... సంతోషంతో.

దీపావళి నాడు లక్ష్మీపూజకు అమ్మ ఎప్పటిలాగే ఇంట్లో బిళ్లలన్నీ చింతపండుతో తోమింది. ఆ రూపాయిని ఇంకాస్త ఎక్కువసేపు, ముగ్గుపిండి వేసి మరీ రుద్దింది... రాణిని నిలబెట్టే బిళ్ల కదా. తళతళలాడింది. పాలతో కడిగి, కుంకుమ పెట్టింది.

పండగ మర్నాడు ఖాదర్ భాయ్ వచ్చి, కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కడిగిండ్రా అమ్మా..." అన్నాడు మెల్లగా. "మొత్తం గీతలు వడ్డయి. రుద్దిన బిళ్ల సేట్ ముట్టడు."

"దేవుని ముంగట మురికి బిళ్ల ఎట్ల పెడ్త భాయ్?" అంది అమ్మ.

ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. తరువాతి వారం అమ్మే స్వయంగా రాణి తాడు విప్పి, కొన్నవాళ్ల చేతిలో పెట్టింది. బాపు ఆ రూపాయిని బ్యాంకులో ఇచ్చేశాడు.

ఇప్పుడు ఫోన్‌లో నాణేల గ్రూపులు చూస్తుంటాను... తప్పుగా అచ్చయినవి వెనక్కి ఇచ్చేయాలని కొందరు, దాచుకోవాలని కొందరు ఒకటే వాదులాట. కానీ ప్రతి ఫోటో కింద ఎవరో ఒకరు 'కడగొద్దు' అని రాస్తారు. ఆ ఒక్క మాట మాకు అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు.

మా వీధిలో కొట్టాలు పోయాయి, అందరికీ ప్యాకెట్ పాలే. అమ్మ మాత్రం ఇప్పటికీ పాలు లేని చాయే తాగుతుంది...

మీ ఇళ్లలో కూడా ప్రేమకొద్దీ పాడైపోయింది ఏదైనా ఉంటే రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను... తనొక్కతే అలా చేయలేదని తెలియాలి.